సీసా ఎడమవైపుకు వెళ్లాలి

మా అత్తమ్మ ఇంట్లో క్రిస్మస్ కేకుకి ఎండుద్రాక్షలు పదకొండేళ్లుగా నారింజ రసంలోనే నానుతున్నాయి. అంతకుముందు పోర్ట్ వైన్‌లో నానేవి. రెండింటికీ తేడా లేదని అత్తమ్మ అందరికీ చెబుతుంది. తేడా ఉంది. మేనకోడలిని కాబట్టి రెండు ముక్కలు తిని, బాగుందని చెప్పి, మంచినీళ్లు తాగుతాను.

ఆ తేడాకి కారణం మామయ్య. బొల్లారంలో ఒక మిలిటరీ మెస్‌లో ముప్పై ఏళ్లు ఆఫీసర్లకి వడ్డించిన మనిషి. ఏ సీసా ఎప్పుడు తెరవాలో, ఏది ఎంత చల్లగా ఉండాలో ఆఫీసర్లే ఆయన్ని అడిగేవారట. నా చిన్నప్పుడు సెలవు రోజున మంచినీళ్ల సీసా ముందు పెట్టుకుని మాకు పోర్ట్ మర్యాద నేర్పేవాడు. భోజనం అయ్యాక సీసా బల్ల మీదికి వస్తుంది. ఎప్పుడూ ఎడమచేతి వైపుకే వెళ్లాలి. మొదలుపెట్టినవారి దగ్గరికి తిరిగి చేరేదాకా బల్లకి తగలకూడదు. తాగనివాడైనా సరే, చేతిలోకి తీసుకుని పక్కవాడికి అందించాలి. తన ముందు ఆపుకోవడం లాంటి అమర్యాద ఇంకోటి లేదు. మేము పిల్లలం బట్టల నిండా నీళ్లు ఒలకబోసుకుంటూ అదంతా నేర్చుకున్నాం.

నేర్పిన మనిషే సీసాని తన ముందు ఆపుకున్నాడు. కంచే చేను మేసిందని చుట్టాలు నవ్వారు. నా పెళ్లిరోజు చర్చి మెట్ల మీద ఆయన తాగి పడిపోతే ఇద్దరు పట్టుకుని ఆటోలో ఎక్కించారు. నాకు మరుపు తక్కువ, కోపం ఎక్కువ. పెళ్లి ఫొటోల్లో ఆయన ఉన్నవి తీసి పక్కన పడేశాను. ఆ తర్వాత చాలా ఏళ్లకి ఒక సోమవారం మానేశాడు. ఒట్టు వేయలేదు, చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పలేదు, మానేశాడంతే. అత్తమ్మ ఇంట్లో ఉన్న గాజు గ్లాసులతో సహా సీసాలన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది. చర్చిలో ప్రభు బల్ల దగ్గర కూడా మామయ్య రొట్టె తీసుకుని, ద్రాక్షరసం పాత్ర తన దగ్గరికి వచ్చేలోపే తల వంచుకుని లేచి వచ్చేస్తాడు.

మొన్న వానాకాలంలో అత్తమ్మకి కడుపు ఆపరేషన్ అయింది. గాయం మానింది గానీ ఆకలి చచ్చిపోయింది. మెట్టుగూడలో వాళ్లింటికి నేను ఏం వండి తీసుకెళ్లినా రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకునేది. ఒక మధ్యాహ్నం కళ్లు మూసుకునే, కాన్పయ్యాక వాళ్లమ్మ అన్నానికి ముందు చిన్న గ్లాసుతో పోర్ట్ ఇచ్చేదని, అది లోపలికి వెళ్తే ఎక్కడలేని ఆకలీ వచ్చేదని చెప్పింది. చెప్పి, వెంటనే కిటికీ దగ్గరున్న మామయ్య వైపు చూసి, ఏదో వాగుతున్నానులే అంది.

రెండు రోజుల తర్వాత మామయ్య మారేడ్‌పల్లిలో మా గేటు ముందు ప్రత్యక్షమయ్యాడు. లోపలికి రాడు. కరివేపాకు చెట్టు బాగా పెరిగిందంటాడు. వాన పడేటట్టు ఉందంటాడు. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకని నేనే అడిగాను. డాక్టర్ని కలిసొచ్చాడట. మాత్రలు అయిపోయాయి కాబట్టి అత్తమ్మ అన్నంతో కొంచెం పోర్ట్ పుచ్చుకుంటే తప్పులేదన్నాడట.

"నువ్వు కొను బిడ్డా. ఏది కొనాల్నో నేను చెప్తా. కానీ దుకాణంలకు రాను. సీసా సుత మీ ఇంట్లనే పెట్టుకో."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా ముఖంలోకి చూడలేదు. అత్తమ్మ ఆకలి ఒకవైపు, ఈయన పదకొండేళ్లు ఒకవైపు. ఒకటి నిలబెట్టబోయి రెండోది కూల్చుతానేమోనని నిజంగా భయపడ్డాను.

సికింద్రాబాద్‌లో సందుకో వైన్స్ బోర్డు ఉంటుంది. లోపల వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. అందుకని అద్దాల తలుపులున్న పెద్ద దుకాణానికి వెళ్లాం. వెళ్లాం అంటే, నేను లోపలికి వెళ్లాను, ఆయన రోడ్డు అవతల ఇరానీ హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బడిలో పాఠాలు, ఆదివారాలు పిల్లలకి బైబిల్ కథలు చెప్పే పంతులమ్మని. తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని చున్నీ తల మీదికి లాక్కుని, ఉన్న నాలుగు రకాల పోర్ట్‌లకీ ముందూ వెనకా ఫొటోలు తీసుకుని రోడ్డు దాటాను.

మామయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్‌లో ఆ సీసాల బొమ్మలు చాలాసేపు చూశాడు. ఆ ముఖం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మెస్ గురించి చెప్పేటప్పుడు ఉండే ముఖం అది.

"సీసా ఎన్ని దినాలకు అయిపోతది, గది ముందు చూడాలె. మంచిదా కాదా అన్నది తర్వాత."

ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతూ చెప్పాడు. మొదటిది ఒకే ఏటి పంటతో చేసి, సీసాలోనే ఏళ్ల తరబడి ముసలిదైనది. అడుగున మడ్డి ఉంటుంది, వడగట్టాలి, తెరిస్తే రెండు రోజుల్లో తాగేయాలి. అది విందులకి. రూబీ అనే ఎర్రది పండ్ల రుచితో బాగానే ఉంటుంది గానీ రెండు వారాలు దాటితే నీరసపడుతుంది. గోవా నుంచి వచ్చేది మరీ చక్కెర. చివరిది టానీ, చాయ్ డికాషన్ రంగులో ఉంది. అది ఏళ్లపాటు చెక్క పీపాలో ఉండి గాలికి అలవాటుపడినది. తెరిచాక ఫ్రిజ్‌లో పెడితే నెల రోజులున్నా చెక్కుచెదరదు. రోజుకి రెండు మూడు చెంచాలు తాగే మనిషికి అంతకంటే మంచిది లేదు. పోర్ట్ ఏదైనా, పులుస్తున్న ద్రాక్షరసంలో మధ్యలోనే బ్రాందీ పోసి ఆపేస్తారట, అందుకే తీపి అందులోనే మిగిలిపోతుందట.

దాని మీద పదేళ్లు అని రాసి ఉందన్నాను.

"అవు, పదేండ్లు. నాకంటే ఏడాది చిన్నది," అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. చాయ్ తాగేశాడు.

ఆ నెల రోజులు నాకు ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటాయి. బడి నుంచి వచ్చి, బీరువాలో బట్టల వెనక దాచిన తాళంచెవి తీసి, ఫ్రిజ్ తెరిచి, ఆ రోజు కొన్న టానీ బాగా కడిగిన దగ్గుమందు సీసాలో కొంచెం పోసుకుని మెట్టుగూడకి నడిచేదాన్ని. సన్నటి వాన పడుతూ ఉండేది. రైల్వే క్వార్టర్ల చెట్ల కింద తడిసిన ఆకుల వాసన, ఎక్కడో స్టేషన్‌లోకి రావడానికి సిగ్నల్ కోసం ఆగిన బండి కూత. సంచిలో ఆ చిన్న సీసా నా నడుముకి తగులుతూ ఉండేది. దారిలో ఎవరు పలకరించినా ఏం చెప్పానో నాకే గుర్తుండేది కాదు.

అత్తమ్మ మొదటి రోజు తీపి తక్కువైందని వంక పెట్టింది. రెండో రోజు నాలుక మీద ఉంచుకుని కళ్లు మూసుకుంది. వాళ్లమ్మ చెక్క బీరువా తెరిస్తే ఇదే వాసన వచ్చేదంది. ఆ సాయంత్రం చారన్నం గిన్నె ఖాళీ చేసింది. నేను వంటింట్లోకి వెళ్లి ఆ గిన్నె అవసరం లేకపోయినా రెండుసార్లు కడిగాను. అంత సంతోషం పట్టలేకపోయాను.

నేను రాగానే మామయ్య వరండాలోకి వెళ్లిపోయేవాడు. కిటికీ అవతల నిలబడి, అటు తిరిగే, ముందు ఎండుద్రాక్ష తెలిసిందా అని అడిగేవాడు. తర్వాత అక్రోటు? ఆఖరికి నారింజ తొక్క మాడినట్టు? అత్తమ్మ అవునంటూ ఉండేది. ఆయన అక్కడ నిలబడి ఆమె నోటితో తాగుతున్నాడనిపించేది. ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు నిద్రపట్టలేదు. దొంగ చేతికి తాళాలు ఇస్తున్నానా అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

నాలుగో వారం అత్తమ్మ లేచి కూర్చుని, మిగిలింది సీసాతో సహా ఆదివారం తెమ్మంది. నేను కుదరదన్నాను. నాకు ధైర్యం లేదని తేల్చి చెప్పేశాను. మామయ్య అప్పుడు చర్చికి పోయి ఉన్నాడు.

"పదకొండేండ్లు ఆయన కంటికి సీసా కనబడకుంట దాచిన. గది నా భయం బిడ్డా, ఆయనది కాదు. నేను పోయినంక ఆయన ఎట్లుంటడో నాకు ఎరుక కావాలె."

ఆపరేషన్ దగ్గర్నుంచి ఆమె ఏం తలుచుకుంటూ గోడవైపు తిరిగి పడుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం సీసాని తువ్వాలులో చుట్టి తీసుకెళ్లాను. భోజనాలయ్యాయి. గుండ్రటి బల్ల. అత్తమ్మ, ఆమె ఎడమవైపు మామయ్య, ఆయన ఎడమవైపు నేను. గాజు గ్లాసులు ఎప్పుడో ఇచ్చేసింది కాబట్టి స్టీలు గ్లాసులు పెట్టుకున్నాం. కిటికీలోంచి వచ్చిన ఎండ సీసాలో పడి, బల్ల మీద తేనె రంగు మరక వేసింది. అత్తమ్మ తన గ్లాసులో పోసుకుంది. సీసా కింద పెట్టలేదు. ఎడమవైపుకి చాపింది.

మామయ్య ఆమె చేతినీ సీసానీ కాసేపు చూశాడు. తర్వాత రెండు చేతులతో అందుకున్నాడు. మూత లేని సీసా ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఆ వాసన నాకే తెలుస్తోంది, ఆయనకి తెలియదా? నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. మామయ్య ఎండలో సీసాని పైకెత్తి రంగు చూశాడు, మెస్‌లో చూసినట్టే.

"జెర చెయ్యి చాపు బిడ్డా, కింద పెట్టొద్దు," అన్నాడు.

ఆ చేతులు కొంచెం కూడా వణకలేదు. సీసా అందుకున్నాను గానీ గ్లాసులో పోసుకోవడం నా వల్ల కాలేదు. చర్చి మెట్లు, తీసి పడేసిన ఫొటోలు అన్నీ ఒక్కసారి మీదపడి ఏడుపొచ్చేసింది. పట్టుకుని అలాగే కూర్చున్నాను. మామయ్య తన గ్లాసులో మంచినీళ్లు పోసుకుని నా భుజం మీద మెల్లగా తట్టాడు.

"నీ ముందర ఆపుకోకు," అన్నాడు. "మీ అత్తమ్మ చూస్తున్నది."