ఆదివారం రొట్టె

గౌలిపురలో మాకు కొత్తగా పరిచయమైన క్రైస్తవులెవరైనా మొదట అడిగేది ఒకటే: "మీరు ఏ మిషనోళ్ళు?" మా బాపుకు ఆ ప్రశ్న గిట్టేది కాదు. "మేం ఏ మిషనోళ్ళం కాదు, విశ్వాసులం" అనేవాడు. అడిగినవాళ్ళు ఇంకా అయోమయంలో పడేవారు.

నిజానికి మా సంగతి చెప్పాలంటే లేనివాటితోనే మొదలుపెట్టాలి. మాకు పాదిరి లేడు, గంట లేదు, సిలువ లేదు, క్రిస్మస్ లేదు. హుస్సేనీ ఆలంలో అద్దెకు తీసుకున్న ఒక మేడగదిలో ఆదివారం పొద్దున్నే చేరేవాళ్ళం. మధ్యలో బల్ల, దాని మీద యేసు జ్ఞాపకంగా అందరూ పంచుకునే ఒకే రొట్టె, ఒకే గిన్నెలో ద్రాక్షరసం. ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్ళు లేచి ప్రార్థించేవారు. అదీ మగవాళ్ళే. ఆడవాళ్ళ వంతుకు ముసుగూ మౌనమూ మిగిలేవి.

ఊహ తెలిశాక, తానే అడిగి, నీళ్ళలో నిండా మునిగి బాప్తిస్మం పొందినవాళ్ళకే ఆ బల్ల దగ్గర చోటు. మునగనివాళ్ళు వెనక చాప మీద కూర్చోవాలి. చిన్నపిల్లలు, చూడ్డానికి వచ్చిన కొత్తవాళ్ళు, మా అమ్మ.

అమ్మ పసిగుడ్డుగా ఉన్నప్పుడే వేరే మిషను గుడిలో పాదిరి ఆమె నెత్తి మీద నీళ్ళు చల్లాడు. అప్పుడు ఆమెను ఎత్తుకుని నిలబడ్డ మా అమ్మమ్మ ఆ ఏడే గత్తరకు, అంటే కలరాకు, పోయింది. అమ్మకు ఆమె మొహం కూడా తెలియదు.

"నీకు తెల్వకుండ అయింది బాప్తిస్మం ఎట్లయితదే?" అనేవాడు బాపు.

"మా అమ్మ నాకిచ్చింది గదొక్కటే. ఇంకోపారి మునిగితే గది ఉత్తదని నా నోటితోనే చెప్పినట్టు. నేను చెప్ప" అనేది అమ్మ.

ఇద్దరూ గొంతు పెంచేవారు కాదు. కేకలేసుకున్నా బాగుండేదనిపించేది నాకు. వాళ్ళ మాటల తర్వాత ఇంట్లో పరుచుకునే నిశ్శబ్దానికి భయమేసేది.

ఇంతకీ ఆ బల్ల మీది రొట్టె చేసేది అమ్మే. బాపు సంఘపు పెద్దల్లో ఒకడు కాబట్టి రొట్టె మా ఇంటి నుంచే వెళ్ళేది. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బాపు ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం దుకాణంలో గుమాస్తా అయినా సరే, మాకు గోధుమలు దొరకడం గగనమే. మేం జొన్నరొట్టెలు తింటూ, దొరికిన గుప్పెడు గోధుమలూ ఆదివారానికి దాచేవాళ్ళం. శనివారం సాయంత్రం అమ్మ వాటిని తిరగలిలో విసిరి, జల్లించి, మందంగా ఒక్క రొట్టె కాల్చేది. అంచున చిటికెడు కూడా తుంచి చూసేది కాదు. ఒకసారి కూటంలో మిగిలిన ముక్క బాపు ఇంటికి తెచ్చినా ముట్టుకోలేదు. "అందరితోని కూసోవెట్టి పెట్టనిది ఇంటికాడ నాకెందుకు" అంది. ఆమె చేతులు పనికొచ్చాయి, నోరు పనికిరాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నాకు పదహారో ఏడు వచ్చాక నేను మునిగే మాట వచ్చింది. బాపు కోసమైతే కాదనేసి ఊరుకుందును. కానీ నాకే మునగాలని ఉంది. నేను నిజంగా నమ్మాను, అదే నా బాధ. మునిగితే అమ్మను ఆ చాప మీద వదిలి ముందుకు పోవాలి. పోకపోతే నమ్మినదాన్ని నేనే కాదన్నట్టు. అన్నం సహించలేదు, చదువు తలకెక్కలేదు.

అమ్మ కనిపెట్టింది. "ఏందే గంత ఫికరు? నాకు మా అమ్మ అడగకుండనే ఇచ్చింది. నువ్వు అడిగి తీసుకుంటున్నవు. పో బిడ్డా" అంది. నీళ్ళలోకి కట్టుకుని దిగమని తన తెల్లచీరె పెట్టెలోంచి తీసి ఇచ్చింది.

ఒక తోటలోని మెట్ల బావిలో నన్ను ముంచారు. అమ్మ పైమెట్టు మీద నిలబడి చూసింది. వణుకుతూ పైకి వస్తే తల తుడిచింది.

ఆ వచ్చే ఆదివారం మొదటిసారి ముందు కూర్చున్నాను. రొట్టె చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. తుంచాను. వెనక్కి చూడకూడదనుకుంటూనే చూశాను. అమ్మ చూపు నా చేతి మీదే ఉంది. ముక్క నోట్లో పెట్టుకుని తల దించుకున్నాను. ఏడుస్తున్నానని తెలిసి పక్కనున్నావిడ అది భక్తి అనుకుని నా వీపు నిమిరింది.

ఇంటికి వస్తుంటే బాపు ముందు నడుస్తున్నాడు. మా గల్లీ మొదట్లో, పాలవాళ్ళ బర్రెలు అడ్డం వచ్చిన చోట, అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"రొట్టె ఎట్లుండె బిడ్డా? లోపట కాలిందా?"

అన్నేళ్ళుగా చేస్తున్నా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడో బాపును అడిగితే, రుచులు చూడనీకి తింటమా అన్నాడట.

"మంచిగ కాలిందమ్మా. ఉప్పే జర తక్కువైంది" అన్నాను.

అమ్మ తలూపింది.

మళ్ళీ శనివారం పిండి కలపబోతూ నన్ను వంటింట్లోకి పిలిచింది. అరచేతిలో ఉప్పు పోసుకుని నా ముందు పట్టింది.

"గింత సాలా? తినేదానివి, నువ్వే చెప్పాలె."