ఆవకాయలో చెక్క మామిడి

జీవితంలో నేను చాలా తప్పులు చేశాను. అన్నీ తేదీలతో సహా డైరీల్లో ఉన్నాయి. కానీ తోటి మనిషి నోట్లో ఉన్నదాన్ని, అందులోనూ వియ్యపురాలి నోట్లో ఉన్నదాన్ని, అందరూ భోజనం చేస్తుండగా నాకిమ్మని అడిగిన ఘనత మాత్రం ఒక్కసారే దక్కింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు తింటూ చదువుతుంటే ముందు చెయ్యి కడుక్కుని రండి.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నా వయసు అరవై నాలుగు. అంటే కుర్రతనం, దుడుకుతనం ఇంకా వదలని రోజులు. ఉద్యోగమంతా ఒక ప్రభుత్వ గిడ్డంగిలో సరుకులు సర్దించడంలోనే గడిపినవాణ్ణి కనుక, ఒకే జాతి సరుకు ఒకే చోట ఉండాలన్నది నా సిద్ధాంతం. ఇంట్లో మూతలన్నీ ఒక బుట్టలోకి చేర్చాను. ఏ మూత ఏ గిన్నెదో తెలియక మా ఆవిడ రాజ్యలక్ష్మి తల పట్టుకుంటే, వర్గీకరణ అంటే అదేనని బోధించాను. ఆ సిద్ధాంతమే నా కొంప ముంచింది.

అబ్బాయికీ, కోడలు స్వప్నకీ ఎయిర్‌పోర్టులో ఉద్యోగాలు కావడంతో అందరం శంషాబాద్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం. మనవరాలు మిన్నుకి మూడేళ్లు నిండబోతున్నాయి. అది అట్టపెట్టె పొయ్యి మీద ఉత్తి గిన్నెలు పెట్టి ఎంతకాలమని వండుతుంది? బొమ్మ కూరగాయలు కావాలి. నేను చెక్కవి కొన్నాను. సరిగ్గా అదే వారంలో జల్‌పల్లి నుంచి స్వప్న వాళ్లమ్మ బాలమణిగారు ఫెల్ట్ గుడ్డతో స్వయంగా కుట్టిన బెండకాయలు, టమాటాలు, రొట్టెలు సంచీ నిండా పట్టుకొచ్చారు. ఆవిడకి జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. కుట్టు ఎంత గట్టిదో మాట అంతకంటే గట్టిది.

మా ఫ్లాట్ చిన్నది. సోఫాని అప్పటికే మిన్ను బొమ్మలు ఆక్రమించాయి. అందుకని స్వప్న ఒక షరతు పెట్టింది. పుట్టినరోజు భోజనాలయ్యాక ఒక్క సెట్టే ఇంట్లో ఉంటుంది, రెండోది పక్క వీధి అంగన్‌వాడీకి వెళుతుంది. ఏది ఉండాలో నేనూ బాలమణిగారూ గొడవపడకుండా తేల్చుకోవాలి.

మేము గొడవపడలేదు. అభిప్రాయాలు చెప్పుకున్నాం, అంతే.

“చెక్కయితే తడిగుడ్డతో తుడిస్తే చాలు చెల్లెమ్మగారూ. మీ గుడ్డ బెండకాయ పిల్ల చొంగంతా పీల్చి, వానలో తడిసిన పిల్లిలా తయారవుతుంది.”

“ఉతుకుతం అన్నా. గుడ్డ ఉన్నదే ఉతికేతందుకు. మీ చెక్క గుమ్మడికాయ పోరి ఇసిరితే ఎవరి నెత్తి పగుల్తదో జర ఆలోచన చేసిన్రా?”

నాకు ఆలోచన అక్కర్లేదు, అనుభవమే ఉంది. ముందురోజే ఆ గుమ్మడికాయ నా కాలి బొటనవేలి మీద దిగింది. నేను కుంటడం ఆవిడ కంట పడకూడదని, ఆవిడ వెళ్లేదాకా కుర్చీలోంచి లేవలేదు.

నా సెట్టుకంతటికీ తలమానికం పచ్చి మామిడికాయ. రెండు బద్దలు, మధ్యలో అంటుకునే పట్టీ. బొమ్మ చాకుతో కోస్తే పర్రుమని విడిపోతుంది. పైన ఆకుపచ్చ తొక్క, లోపల తెల్లటి కండ, నడుమ టెంక కూడా చెక్కాడు ఆ బొమ్మ చేసిన మహానుభావుడు. రంగులన్నీ ఆకుల నుంచీ గింజల నుంచీ తీసినవేననీ, పిల్లలు నోట్లో పెట్టుకున్నా ఫర్వాలేదనీ కొట్టువాడు హామీ ఇచ్చాడు. పిల్లల సంగతే చెప్పాడు. పెద్దల సంగతి నేను అడగలేదు.

వాడే ఇంకో మాట చెప్పాడు. సెట్టును కడిగి, నువ్వులనూనె పట్టించి, నీడపట్టున నూలు గుడ్డ మీద ఆరబెట్టాలట. నేను ఆ పని పెట్టుకున్న రోజే మా ఆవిడ ఆవకాయ పెట్టుకుంది. హాల్లో ఫ్యాను కింద నా పాత పంచె పరిచి, కొట్టిన మామిడి ముక్కలు తుడిచి ఆరబోసింది. గుడ్డ ఉంది, ఫ్యాను తిరుగుతోంది. ఇంకో గుడ్డ, ఇంకో ఫ్యాను ఎందుకు దండగ? చెక్క క్యారెట్లు, వంకాయలు పంచె అంచున వరసగా పెట్టాను. చివరికి మామిడి బద్దలు చేతిలోకి తీసుకున్నాను. మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఒకే జాతి సరుకు ఒకే చోట. వాటిని తీసుకెళ్లి మామిడి ముక్కల నడుమ పెట్టాను. పెట్టి, వెనక్కి జరిగి, ఏది చెక్కో ఏది కాయో పోల్చుకోలేనంత బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

పోల్చుకోలేని వాళ్లలో మా ఆవిడ కూడా ఉంది. దోసిళ్లతో ముక్కలెత్తి, కారం, ఆవపిండి, నూనె కలిపి జాడీకెత్తేసింది.

సాయంత్రానికి చెక్క మామిడి కనబడలేదు. దాన్ని ఎక్కడ పెట్టి మురిసిపోయానో అప్పటికే మర్చిపోయాను. మంచాల కింద, బీరువా వెనక వెతికి, డైరీలో ‘మామిడి గల్లంతు, మిన్ను మీద అనుమానం’ అని రాసుకున్నాను. ఆ పసిదాన్ని కూర్చోబెట్టి విచారణ జరిపాను. సోఫా కింద పెట్టావా అంటే అవునంది. బాల్కనీలోంచి పారేశావా అంటే దానికీ అవునంది. నేరం ఒప్పుకుంది కాబట్టి కేసు మూసేశాను. కానీ గుబులు పోలేదు. బాలమణిగారి సంచీలో గుడ్డ బఠాణీ ఒక్కటి కూడా తప్పిపోలేదు. నా సెట్టులో తలమానికమే లేదని ఆవిడకి తెలిస్తే అంగన్‌వాడీకి వెళ్లేది నా చెక్కే.

పుట్టినరోజు వచ్చేసరికి ఆవకాయ బాగా ఊరింది. వేడన్నంలో నెయ్యి, కొత్త ఆవకాయ వడ్డించింది మా ఆవిడ. మా ఆవకాయ రుచి బాగానే ఉంటుంది గానీ ముక్క తొందరగా మెత్తబడిపోతుందని బాలమణిగారు ప్రతి ఏడూ అనేమాట. ప్రతి ఏడూ మా ఆవిడ మనసు చివుక్కుమనేది.

నేను ముద్ద కలిపి ముక్క కొరికాను. ముక్క నన్ను కొరికింది. కట్టుడు పళ్లు టక్కుమన్నాయి. నాలుకతో తడిమి చూస్తే గరుగ్గా ఒక పట్టీ తగిలింది. పర్రుమని విడిపోయే పట్టీ. మనవరాలి మీద మోపిన కేసు ఆ క్షణాన వీగిపోయింది. బద్దను గుట్టుగా మునక్కాడ పిప్పి కింద దాచి, రెండోది ఎక్కడుందా అని తలెత్తాను. ఎదురుగా బాలమణిగారు కళ్లు మూసుకుని ఒక టెంకను తన్మయత్వంతో చప్పరిస్తున్నారు.

“వదినా, ఈసారి ముక్క మస్తు గట్టిగున్నది. గిట్లుండాలె.”

మా ఆవిడ ముఖం మతాబాలా వెలిగింది. నాకు చెమటలు పట్టాయి.

“చెల్లెమ్మగారూ, అది పారేయండి. మంచి ముక్క వేయిస్తాను.”

“ఎందుకన్నా? గిదే మంచిగున్నది.”

“టెంక ముదిరిపోయింది. అరగదు.”

“నేనేమన్న మింగుతున్ననా? చప్పరిస్తున్న.”

సరిగ్గా అప్పుడు మా మేడ మీదుగా విమానం దిగుతోంది. విమానం వస్తే మాట ఆపి, అది పోయాక మిగతా సగం చెప్పుకోవడం మా కాలనీ అలవాటు. ఆ రోజు నాకు ఆగే ఓపిక లేదు. ఆ మోతకి మించి గొంతెత్తాను. మోత ఠక్కున ఆగింది. నా గొంతు ఆగలేదు.

“మీ నోట్లో టెంక నాకివ్వండి, నేను చప్పరిస్తాను.”

అబ్బాయికి పొలమారింది. స్వప్న “మామయ్యా!” అంది. సొంత భార్య ఎంగిలి గ్లాసుతో కూడా నీళ్లు తాగని మనిషిని నేను. మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి, “ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?” అంది.

బాలమణిగారు నిదానంగా టెంకను నోట్లోంచి తీశారు. నన్ను చూశారు. దాన్ని చూశారు. బొటనవేలితో కారం తుడిచారు. ఎర్రటి నూనె కిందినుంచి పట్టీ బయటపడింది.

“నా మామిడికాయ,” అంది మిన్ను. “అమ్మమ్మ తినేసింది.”

ఇక దాచడానికేముంది? రెండో బద్ద కూడా బయటికి తీసి, మొత్తం కథ ఒప్పుకున్నాను. చెక్క సెట్టు మూట కట్టుకోవడమే తరువాయి అనుకున్నాను. బాలమణిగారు బద్దను స్టీలు కంచానికేసి కొట్టారు. టంగుమంది. దవడ పంటితో మరోసారి కొరికి చూశారు. తర్వాత ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికో నవ్వుకో కాసేపు ఎవరికీ తెలియలేదు.

“గిన్ని దినాలు కారంల, నూనెల నానింది. నేను గింతసేపు నమిలిన. పన్ను గాటు గూడ పడలే. గండ్ల నా గుడ్డ బెండకాయ పడుంటే ఇప్పటికి గోంగూర పచ్చడైతుండె. ఇగ అడుగుడేంది? చెక్కనే ఉంచున్రి.”

గెలిచాను. ఎంగిలి చెయ్యి పైకెత్తి లేచి నిలబడ్డాను. ఫెల్ట్ సంచీని మర్నాడు అంగన్‌వాడీకి నేనే స్వయంగా, దండయాత్ర నుంచి తిరిగొచ్చే సేనాపతిలా ఛాతీ విరుచుకుని మోసుకెళ్లాను. కారమెక్కిన బద్దలు ఇక పిల్ల చేతికివ్వడానికి పనికిరావు కనుక బాలమణిగారు రెండింటినీ తీసుకుపోయారు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ప్రతివాళ్లకీ అవి చూపించి, మా వియ్యంకుడు నా నోట్లోంచి అడిగింది దీన్నేనని చెబుతున్నారట. చెప్పనివ్వండి. ఓడినవాళ్లకి ఆ మాత్రం ఓదార్పు ఉండాలి.

అయినా డైరీ మీద చెయ్యి వేసి, మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరే వియ్యపురాలి నోట్లోంచీ టెంక అడగను. అడగక తప్పని పరిస్థితే వస్తే, విమానం పూర్తిగా దిగేదాకా ఆగుతాను.