మంచం కడ్డీ మీద మూడు దెబ్బలు

స్పిరిటు వాసన తగిలితే ఇప్పటికీ ముందు నా కుడికాలే ఉలిక్కిపడుతుంది. మొన్న గోదావరిఖనిలో మా పాప మడమకు ఆపరేషన్ అయ్యాక వార్డులో కూర్చున్నప్పుడూ అంతే. పాప మత్తులో ఉండగానే మోకాలి వెనక ఇంజెక్షన్ ఇచ్చి కాలు మొద్దుబార్చారు. లేచాక అది నొప్పి ఊసెత్తకుండా బిస్కెట్ అడిగింది. పక్కన స్టూలు మీద మా బాపు మాత్రం మంచం కడ్డీ వైపే చూస్తున్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. ఎనిమిదేళ్లప్పుడు మామిడికాయ కోసం క్వార్టర్ గోడెక్కి, కాయకంటే ముందు నేనే రాలి, కాలెముక విరగ్గొట్టుకున్నాను. సెంటినరీ కాలనీలో ఎండాకాలం. వాకిళ్లలో బొగ్గుల పొయ్యి పొగ, చాటల్లో ఎండే మామిడి ఒరుగుల పులుపు, బొగ్గుబాయిలో బ్లాస్టింగుకు గలగలలాడే గిన్నెలు. మా కాలనీలో మందంటే మూడు రకాలు: బాయిలో పేలేది, సాయంత్రం మనుషుల్లో పేలేది, దవాఖానలో ఇచ్చేది. మూడోదే మరీ నీరసం.

బాపు బాయిలో హాలేజీ నడిపేవాడు; బొగ్గు టబ్బులను లాగే ఆ తాడుకు కిందినుంచి మోగే గంటలే మాటలు. ఆ లెక్కనే దవాఖానకు తెచ్చి, నా చేతిలో స్టీలు గ్లాసు పెట్టాడు.

"వార్డంత లేవంగ మొత్తుకోకు బిడ్డా. నొస్తే కడ్డి మీద కొట్టు. ఒక్కటి గొడితే ఓర్సుకుంటున్నవని, మూడు గొడితే నీతోని కాదని. గప్పుడు డ్యూటీ బంద్ వెట్టి సిస్టర్‌ను పట్టుకొస్త."

ఎముక సరిచేసి కట్టు కట్టాక మత్తు దిగింది, సెకండ్ షిఫ్టు సైరన్ మోగింది. బాపు టోపీ పట్టుకుని నిలబడ్డాడు. బాయి మనిషి బిడ్డననే బడాయితో ఒక్కటే కొట్టాను. "షేర్ బిడ్డ, పులి!" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆయన తిరిగొచ్చేదాకా దిండు గలీబు నమిలాను.

మొన్న పాప దగ్గరికి డాక్టరమ్మ వచ్చింది. "మొద్దు దిగేదాక ఆగొద్దు. పాప అడగకముందే టైముకు సిరప్ పొయ్యాలె. ఆ కాలికి కాపడం గిట్ల పెట్టకుండ్రి, కాలినా దానికి తెల్వదు."

బాపు తెచ్చిన వేడినీళ్ల సీసా మెల్లగా సంచిలోకి జారింది.

"అయితే కొట్టేదాక సూడొద్దన్నట్టు," అన్నాడు. సంచి మూతి ముడేస్తూ, "అప్పుడు నువ్వు ఒక్కటే గొట్టినవ్ గదనే?"

"మూడు, బాపు. నీకినవడేటట్టు ఒక్కటి, నువ్వు వొయినంక దిండు మీద రెండు."

ఆయన వేలితో మంచం కడ్డీని తట్టి చూశాడు. ఆ బాయి మూసేశారు. తాడూ లేదు, గంటలూ లేవు. ఈ మంచాలకు ప్లాస్టిక్ కడ్డీలు, కొట్టినా మోగవు.

కాసేపటికి చూస్తే బాపు సిరప్ మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంక గంటున్నది తాతా," అంది సిస్టర్.

"ఉండనీ," అన్నాడు. మూత పెట్టలేదు.