పార్సిల్లో నేను పంపిన మాత్రలు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా కూతురు మాత్రలకు అలవాటుపడిందని నాకు మొదట చెప్పింది సలోమి. ముదినేపల్లి అమ్మాయి, మిలిటరీలో మా జ్యోతితో ఒకే గదిలో ఉంటుంది. సెలవు మీద వచ్చి, తన ఇంటికైనా వెళ్లకుండా గుడ్లవల్లేరులో మా ఇంటికొచ్చింది. నేను అప్పుడు జ్యోతికి పంపే సున్నుండలు, గోంగూర పచ్చడి, మోకాలి నొప్పి మాత్రలు సర్దుతున్నాను.

"మాత్రలు పెట్టకండి ఆంటీ. అది వాటిని నొప్పికి వేసుకోవడం మానేసి చాన్నాళ్లయింది."

మా పిల్ల చుక్క కూడా ముట్టదమ్మా అన్నాను.

"తాగదండీ. తాగితే వాసనకే దొరికిపోయేది."

మావారు కూడా మిలిటరీలోనే చేశారు. క్యాంటీన్ రమ్ముతోనే కాలేయం చెడి ప్రభువు దగ్గరకు వెళ్లారు. అందుకే జ్యోతి చేరినప్పటి నుంచీ నాకు ఆ ఒక్కటే భయం. ప్రతి ఆదివారం ఫోన్లో తాగట్లేదు కదా అని అడిగేదాన్ని, లేదమ్మా అనేది, అది నిజమే, నేను దేవుణ్ణి స్తుతించి ఊరుకునేదాన్ని. ట్రైనింగులో దెబ్బతిన్న మోకాలికి అక్కడ మాత్రలు ఆపేశారని పిల్ల చెబితే, మగపిల్లలకంటే వెనకబడిపోకూడదని అడుగుతోంది కాబోలనుకుని, గుడివాడలో డాక్టరు రాసిన పాత చీటీ మీద కొని, పార్సిల్ మీద చెయ్యివేసి ప్రార్థన చేసి మరీ పంపాను. అయ్యో, రెండేళ్లు పంపాను!

సలోమి వెళ్లాక మోకరించాను. "తండ్రీ, నా చేత్తోనే పెట్టాను, నీ చేత్తో తియ్యి" అన్నాను. తర్వాత జ్యోతికి ఫోన్ చేసి తప్పు నాదేనని ముందే ఒప్పుకున్నాను.

"అవి లేకపోతే మంచం దిగలేకపోతున్నానమ్మా" అంది.

మర్నాడు తనంతట తనే మిలిటరీ ఆసుపత్రిలో చెప్పుకుంది. ఒకప్పుడు సీసాకి అలవాటుపడ్డ మగవాళ్లే మా దగ్గరకొచ్చేవాళ్లు, ఇప్పుడు కొత్తగా చేరే పిల్లల్లో ఈ మాత్రల అలవాటూ చూస్తున్నాం, ఆడపిల్లల్ని అడగాలని ఎవరికీ తోచదు అని అక్కడి డాక్టరమ్మ నాతో అన్నారు. మాత్రలు మానేశాక జ్యోతి చలితో వణికి, ఒళ్లు నొప్పులతో నన్ను కూడా తిట్టుకుంది. దేవుడు దాన్ని వదల్లేదు. ఐదు నెలలైంది, ఒక్క మాత్ర ముట్టలేదు. మహిమంతా ఆయనదే. పోయిన రెండేళ్లు మాత్రం పోయినవే, ఆ బాధ నాకు పోలేదు.

మీ ఇంట్లో మీకు కనబడనిది ఆయనకు కనబడుతుంది, సిగ్గుపడక ఆయన్నే నమ్ముకోండి. వచ్చే సోమవారం జ్యోతి మళ్లీ డ్యూటీలో చేరుతోంది. మోకాలు ఇంకా నొప్పిగానే ఉంది. నొప్పిగా ఉందని నోరు తెరిచి ఎవరికైనా చెప్పుకునే ధైర్యం దానికి కలగాలని, దయచేసి మా జ్యోతిని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.