బొమ్మ రాని రోజు

పెర్కిట్‌లో బీడీలు చుట్టే నీలవ్వ, పక్షవాతంతో మంచాన పడ్డ భర్త గంగాదాస్‌ను ఆరేళ్లుగా చూసుకుంటోంది. ఎనిమిది బీడీ కట్టలు పూర్తయినప్పుడల్లా లేచి అతన్ని పక్కకు తిప్పుతుంది. ఒళ్లు పుండ్లు పడకుండా రాత్రీ పగలూ రెండు గంటలకోసారి తిప్పాలి; ఆమెకు రెండు గంటలంటే ఎనిమిది కట్టలే. రోగులను చూసుకునే ఇంటివాళ్లకు ఆర్మూర్‌లో శిక్షణ పెట్టారని తెలిసి, తోటికోడలిని అతని దగ్గర కూర్చోబెట్టి ఆటో ఎక్కింది.

తీరా వెళ్తే, నేర్పడానికి తేవాల్సిన రోగి బొమ్మ రాలేదు.

"ఎవరన్న ఒకరు పేషెంట్ లెక్క పండుకోండ్రి," అంది నర్సు పూజిత.

నీలవ్వ వెళ్లి మంచం మీద పడుకుంది.

పూజిత ఆమెను కుడివైపుకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి చూపించింది. తర్వాత పద్నాలుగు మంది వంతులవారీగా తిప్పారు. ఒళ్లు అచ్చం రోగిలాగే వదిలేసిందని పూజిత నీలవ్వను మెచ్చుకుంది. గురక వినబడ్డాక మెచ్చుకోవడం ఆపింది. లేపడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు.

హాలుకు తాళం వేసే వేళకు లేపక తప్పలేదు.

"ఏమీ నేర్వకపోతివి నీలవ్వా. రేపు బొమ్మ తెప్పిస్త, మల్ల రా," అంది పూజిత.

నీలవ్వ లేచి కొప్పు ముడుచుకుంది.

"బొమ్మెందుకు బిడ్డా? నేనే వస్త."