దిండు కింద వజ్రం

ఆ ఏడాది మిరపకాయకి మంచి ధర పలికింది. మా ఆవిడ ముక్కుపుడకకి వజ్రం పెట్టిద్దామని గుంటూరులో ఒక నగల కొట్టుకి వెళ్లాం. నేను మిరపయార్డులో కాయ చూసి రకం చెప్పేవాణ్ణి. ఎనిమిదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టేశాను కాబట్టి నాకొచ్చిన చదువు అదొక్కటే.

నగల కొట్టాయన భూతద్దం నా చేతికిచ్చి వజ్రం పుట్టుక చెప్పాడు. భూమిలో ఎక్కడో లోతున, వేడికీ ఒత్తిడికీ నలిగి, బొగ్గులో ఉండే పదార్థమే అలా మారుతుందట. దాని తెల్లదనం, సాన, బరువు, లోపలి మచ్చలు చూసి ధర కడతారట. మేం ఎంచిన రాయిలో ఒక మూల నల్ల చుక్క ఉంది. అందుకే దాని ధర మాకు అందింది.

"మీ సరుకులో తాలుకాయ కలిసిందండీ" అన్నాను.

"మిమ్మల్ని చేసుకునేటప్పుడు నాకూ ఓ భూతద్దం ఇచ్చుంటే బాగుండేది" అంది మా ఆవిడ.

వజ్రం అందరికీ పడదని మా వైపు నమ్మకం. కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని, చెడు జరక్కపోతేనే కొంటారు. తెలిసినవాళ్లం గనక కొట్టాయన రాయి ఇచ్చి పంపాడు. మా ఆవిడ దాన్ని పసుపు గుడ్డలో కట్టి దిండు కింద పెట్టుకుంది.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే నా ఉమ్మిలో రక్తం పడింది.

అప్పటికే చాన్నాళ్లుగా దగ్గు. మిరప ఘాటులో పనిచేస్తూ దగ్గనివాడెవడని పట్టించుకోలేదు. కానీ మా నాన్న కూడా ఇలాగే దగ్గి, రక్తం కక్కి పోయాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మ కోపమంతా రాయి మీద చూపించింది.

"ఒరేయ్, ముందు దాన్ని ఇచ్చెయ్యండి. కోహినూరు దొరికింది మన కృష్ణ ఒడ్డున కొల్లూరులోనేనంటారు. దాన్ని పెట్టుకున్న రాజు ఒక్కడు సుఖపడ్డాడా?"

"వాళ్లకి రాజ్యాలున్నాయి, పోయాయి. నాకేముందమ్మా పోవడానికి? పాత స్కూటరు."

ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

బ్రాడీపేటలో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, కళ్లె పరీక్షకి పంపాడు. ఆ ఫలితం వచ్చేదాకా యార్డులో జోకులు వేస్తూనే ఉన్నాను గానీ, ఇంటికొస్తే ముద్ద దిగేది కాదు. మా ఆవిడ రాయిని తిరిగివ్వలేదు. "మీ సంగతి తేలాకే దాని సంగతి" అంది.

ఫలితం చెప్పే రోజు డాక్టరు ఫిల్ముని వెలుతురుకెత్తి చూస్తుంటే నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కళ్లెలోనూ ఏమీ లేదు. దగ్గి దగ్గి గొంతు గీరుకుపోయింది, అంతే. పనెక్కడ?"

"మిరపయార్డులోనండి."

"మూతికి గుడ్డ కట్టుకోడానికేం?"

"కట్టుకుంటే మాట్లాడేదెలాగండీ?"

"నేను కడతాను లెండి డాక్టరుగారూ" అంది మా ఆవిడ. "గట్టిగా కడతాను."

బయటికొచ్చి స్కూటరు కిక్కు కొట్టబోయి ఆగాను. ఆటోల మధ్య అలాగే నిలబడిపోయాం.

"కొట్టుకెళ్లి రాయి ఇచ్చేద్దామా?" అన్నాను.

"ఎందుకు? రక్తం పడ్డా మనిషి నిలిచాడు. రాయి మనకి పడినట్టే. పొదగమని చెబుదాం."

"అమ్మకేం చెబుతావ్?"

"మీరు క్షేమంగా ఇంటికొస్తున్నారుగా. అదే చెబుతాను."

నాకు ఆకలేస్తోందన్నాను. ఆవిడ ఎదురు హోటల్లోకి నడిచి, నేను లోపలికి చేరేలోపే రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక పెసరట్టు చెప్పేసింది. కారప్పొడి మాత్రం వద్దంది.