మిషన్ ఖరాబైందని చెప్పిన రోజు

కరోనాకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో నన్ను ఎల్లంతకుంట మండలం నుంచి కథలాపూర్ మండలంలోని ఒక ఉపకేంద్రానికి బదిలీ చేశారు. ఉపకేంద్రమంటే రెండు గదులు, ఒక బల్ల, ఒక మందుల బీరువా, ఒక ఏఎన్ఎం. ఆ ఏఎన్ఎం నేనే. నా కింద ముగ్గురు ఆశ కార్యకర్తలు, నా పైన సూపర్‌వైజరు, ఆమె పైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. నాకప్పుడు యాభై ఐదేళ్లు. ఇంకో మూడేళ్లలో రిటైరవుతానని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. తరువాత ప్రభుత్వం వయసు పెంచడంతో ఆ మూడేళ్లు ఆరయ్యాయి. రోజూ కోరుట్ల నుంచి బస్సు, బస్సు దిగాక ఆటో, ఆటో దొరక్కపోతే నడక.

టీకాలు, కాన్పులు మా అసలు పని. ఆ రోజుల్లో కొత్తగా మీద పడింది బీపీ, షుగర్ సర్వే. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషినీ ఇంటికి వెళ్లి చూడాలి. చేతికి బీపీ పట్టీ కట్టే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. చాయ్ తాగి ఉంటే అరగంట ఆగాలి. పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. పై అంకె నూట నలభై గానీ కింది అంకె తొంభై గానీ దాటితే కాసేపాగి మళ్లీ చూడాలి. అప్పుడూ దాటితే డాక్టరు దగ్గరికి పంపాలి. గోలీలు రాసేది డాక్టరే. వాటిని నెలనెలా ఇంటికి చేర్చి, వేసుకుంటున్నారో లేదో చూసుకునేది మేము.

చెప్పినంత తేలిక కాదు. ఆ ఊళ్లో ఆడవాళ్లు చాలామంది బీడీలు చుడతారు. పొద్దున్నే నలుగురైదుగురు ఒక అరుగు మీద చేరి, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటారు. చాటలో తునికాకు, తంబాకు. ఐదు నిమిషాలు చేతులు ఆపమంటే నా వైపు చూసే చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ వాడలో రాజవ్వ అనే ఆమె ఉండేది. నలభై ఎనిమిదేళ్లుంటాయి. భర్త మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవాడు, కూతురు మమత కోరుట్లలో ఇంటర్ చదివేది. రాజవ్వ మాట ఆ అరుగు మీద చెల్లుతుంది. మొదటిసారి చూసినప్పుడే ఆమెకు నూట డెబ్బై ఎనిమిది, నూట ఆరు వచ్చింది. డాక్టరమ్మ గోలీ రాసింది. రాజవ్వ మూడు నెలలు దాన్ని ముట్టలేదు.

“నాకేం నొస్తలేదు సిస్టరమ్మా. నొయ్యనిదానికి గోలీ ఎందుకు? ఒక్కపారి మొదలువెడితే జిందగంత ఏసుకోవాల్నట గద” అనేది.

చివరికి నేను మా నాన్న సంగతి చెప్పాను. సిరిసిల్లలో ఆయన సాంచా నడిపేవాడు, అదే పవర్‌లూమ్. బీపీ ఉందని తెలిసీ గోలీ వేసుకోక, ఒకరోజు సాంచా పక్కనే పడిపోయాడు. మూడేళ్లు మంచంలో ఉండి చనిపోయాడు. అది విన్నాక రాజవ్వ గోలీ మొదలుపెట్టింది, ఆమెను చూసి మరో ఏడుగురు మొదలుపెట్టారు. వాళ్లకు మిషన్ మీద అంకెలు చూసి ఎవరి బీపీ వాళ్లే తెలుసుకోవడం కూడా నేర్పాను. ఐదు నెలల్లో రాజవ్వకు నూట ముప్పై నాలుగుకు దిగింది. నా సర్వీసులో నాకు నేను మెచ్చుకున్న పనులు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఇక నా సంగతి. మధ్యాహ్నమయ్యేసరికి మెడ వెనుక బరువుగా ఉండేది. ఎండ అనుకున్నాను, బస్సు కుదుపులనుకున్నాను, వయసనుకున్నాను. సంచిలో నొప్పి గోలీలు ఎప్పుడూ ఉండేవి, రోజుకు రెండు మింగేదాన్ని. డబ్బాలో అన్నం, మామిడికాయ తొక్కు. ఉప్పు తగ్గించండని ఊరంతా చెప్పి వచ్చి ఆ తొక్కే తినేదాన్ని. సర్వేలో సిబ్బంది ఇళ్ల ఫారాలు కూడా నింపాలి. నా పేరు ఎదురుగా నూట ఇరవై, ఎనభై అని రాసేశాను, పట్టీ కట్టుకోకుండానే. తీరిక లేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయం. మా నాన్నకు వచ్చింది నాకూ వచ్చి ఉంటుందని లోపల తెలుసు.

ఒక గురువారం ఆ అరుగు మీద నెల పరీక్షలు చేస్తున్నాను. రాజవ్వది అయిపోయింది, బాగానే ఉంది. ఆమె ఆ హుషారులో నన్ను పట్టుకుంది.

“ఎప్పటికి మాకే కడ్తవు, నువ్వెప్పుడు కట్టుకుంటవు? నీ మొగం సూడు, ఎట్ల గుంజుకపోయిందో. ఇయ్యాల నీది సూడాల్సిందే” అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే పట్టీ కట్టుకుని మీట నొక్కాను. మిషన్ ఆగేసరికి ఎనిమిది మంది తలలు దాని మీదికి వంగి ఉన్నాయి. నూట ఎనభై ఆరు, నూట పన్నెండు. ఆ అంకెలకు అర్థం ఏమిటో వాళ్లకు నేర్పింది నేనే.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ నీతులు చెప్పిన నర్సుకే బీపీ అని రేపు వాడంతా చెప్పుకుంటుంది. నోటికి వచ్చిన మాట అనేశాను: “మిషన్ ఖరాబైంది. సెల్లులు పోయినట్టున్నయి.” మిషన్ ఆపి సంచిలో పడేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. అబద్ధం నిలబడాలి గనుక ఆ మిషన్‌ను పదిహేను రోజులు ఉపకేంద్రంలో బీరువాలోనే పెట్టాను. ఆ వాడ ఆశ కార్యకర్త సునీత అడిగితే, బాగుచేయడానికి పంపించాను, వస్తుందని చెప్పాను. ఆ తరువాత పెగడపల్లి వైపు జ్వరాలు ఎక్కువయ్యాయని మాలో కొందరిని అక్కడి సర్వేకు వేశారు. మరో మూడు వారాలు నేను ఆ వాడకు పోలేదు. పోనందుకు మనసులో కాస్త హాయిగానే ఉండింది. నా మెడ బరువు అలాగే ఉంది, నొప్పి గోలీలు అలాగే మింగుతున్నాను.

నేను పెగడపల్లిలో ఉండగానే ఒక పొద్దున మమత ఫోన్ చేసింది. “సిస్టరమ్మా, మా అమ్మ మూతి వంకరవోయింది. కుడి చెయ్యి లేస్తలేదు” అంది. నూటెనిమిదికి చేయమని చెప్పి, నేను నేరుగా జగిత్యాల ఆస్పత్రికి పోయాను. ప్రాణం దక్కింది. మాట రెండో రోజు నుంచి నెమ్మదిగా వచ్చింది. చెయ్యి రాలేదు.

మాట వచ్చాక, గోలీలు వేసుకుంటున్నావా అని అడిగాను. రాజవ్వ మాటలు కూడదీసుకుని చెప్పింది: “మిషనే ఖరాబైందంటివి గద. గట్లయితే నువ్వు మాకు జూపిచ్చినయన్ని తప్పే అనుకున్న. బంద్ జేసిన.”

ఆ గురువారం నుంచే మానేసిందట. వాడలో మిగతావాళ్లలో నలుగురు కూడా మానేశారని తరువాత తెలిసింది. నేను చెప్పిన ఒక్క మాటతో నేను చేసిన పనంతా వాళ్ల దృష్టిలో అబద్ధమైపోయింది. అంత పెద్ద మాట అన్నానని నాకు తట్టనేలేదు. ఆ రోజు కూడా నేను ఆమె మంచం దగ్గర నిజం చెప్పలేదు. సిగ్గుతో బయటికి వచ్చేశాను.

మర్నాడు మా డాక్టరమ్మ ముందు కూర్చుని పట్టీ కట్టమన్నాను. నూట తొంభై దాటింది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, అంటే మూత్రపిండాలకు దెబ్బ మొదలైంది. ఇది కొత్తగా వచ్చింది కాదు, చాలా ఏళ్లదని ఆమె అంది. నొప్పి గోలీలు ఇక ముట్టవద్దని గట్టిగా చెప్పింది. అప్పుడు జరిగిందంతా ఆమెకు చెప్పాను. నా కూతురి వయసు డాక్టరు, కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. ఇది చెప్పాల్సింది నాకు కాదు మేడమ్ అని మాత్రం అంది.

రాజవ్వ ఇంటికి వచ్చిన వారానికి ఆ వాడకు వెళ్లాను. అరుగు మీద ఆమెకు మంచం వేశారు, మిగతావాళ్లు చుట్టూ చాటలతో కూర్చున్నారు. కూర్చోకుండానే చెప్పాను. మిషన్ మంచిగనే ఉండె, అది నా బీపీనే, సిగ్గుకు అబద్ధమాడిన అని. బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి.

ముందుగా మాట్లాడింది పక్కింటి మల్లవ్వ. “నీ ఇజ్జత్ కోసం దాని చెయ్యి వాయె” అంది.

రాజవ్వ నా వైపు తిరిగింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

“గప్పుడే చెప్తే ఇద్దరం ఏసుకుందుము గద, సిస్టరమ్మా” అంది.

గోలీలు మానేసిన నలుగురూ ఆ నెలలోనే మళ్లీ మొదలుపెట్టారు. నర్సుకే బీపీ ఉందని తెలిస్తే నా మాటకు విలువ పోతుందని భయపడ్డాను. పోలేదు సరికదా, ఆ వాడ మొగవాళ్లు కూడా వచ్చి పట్టీ కట్టించుకున్నారు. రిటైరయ్యేదాకా ప్రతి నెలా మొదట నా చేతికే కట్టుకుని, అంకె పైకి చదివి, ఆ తరువాతే మిగతావాళ్లను పిలిచాను. రాజవ్వ కుడి చెయ్యి మాత్రం మళ్లీ బీడీ చుట్టలేదు.

ఆమె గోలీలు ఆపకపోయి ఉంటే ఇది తప్పేదా అని డాక్టరమ్మను ఒకటి రెండుసార్లు అడిగాను. తప్పే అవకాశం ఎక్కువ, ఖాయంగా చెప్పలేనంది. ఆ చెప్పలేకపోవడాన్ని నేను అడ్డం పెట్టుకోను. ఇప్పుడు రోజూ మూడు గోలీలు వేసుకుంటున్నాను, మూడు నెలలకోసారి మూత్రపిండాల పరీక్షకు పోతున్నాను. నేను నేర్చుకున్నది ఇంతే: వైద్యం పని చేసేవాళ్లు తమ రోగాన్ని దాచుకుంటే అది వాళ్ల ఒక్కరి రోగంగా మిగలదు. ఈ మాట శిక్షణలో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా, అప్పటి నేను రాసుకుని పరీక్ష పాసై ఊరుకునేదాన్ని.